దయ్యంతో కుంగ్‌ఫూ

దయ్యాల సినిమాలో దయ్యం కనబడితే జనం పరుగు లంకించుకుంటారు. కుంగ్‌ఫూ సినిమాలో శత్రువు కనబడితే కలబడతారు. ఈ రెంటినీ ఒకే కుండలో ఉడకేసి, దయ్యం ఎదురైనా పిడికిలి బిగించి నిలబడే మనిషిని మనకిచ్చింది హాంకాంగ్. 1980ల్లో అక్కడి స్టూడియోలు ఇలాంటి సినిమాలను వరసపెట్టి తీశాయి. నవ్వు, వణుకు, తన్నులాట, ప్రేమ, మంత్రతంత్రాలు, అన్నీ గంటన్నరలో. అంతా అతి, తలాతోకా లేని కలగాపులగం అని పెదవి విరిచేవాళ్లు చాలామంది ఉన్నారు. నాకు మాత్రం ఆ కలగాపులగమే వీటి ప్రాణమనిపిస్తుంది. భయాన్ని చేతిపనిగా మార్చిన సినిమాలివి. చీకటిని చూసి కళ్లు మూసుకోమనవు, పనిలో దిగమంటాయి.

1985లో రికీ లౌ దర్శకత్వంలో వచ్చిన ‘మిస్టర్ వాంపైర్’ చూస్తే నేననేది తెలుస్తుంది. చైనాలో రాచరికం పోయి రిపబ్లిక్ వచ్చిన తొలి రోజుల కథ. ఊళ్లో ఒక ధనికుడు తన తండ్రి శవాన్ని తవ్వి తీయించి మంచి చోట పూడ్చాలనుకుంటాడు. తీసి చూస్తే, పూడ్చి ఏళ్లు గడిచినా శవం కుళ్లలేదు. అది లేచి వస్తుందని కనిపెట్టినవాడు పిశాచాలను పట్టే కావ్ మాస్టారు. కలిసిపోయిన కనుబొమలు, బిగిసిన మూతి, పసుపు అంగీ. ఆయన తన శిష్యులిద్దరికీ ఓ పని అప్పగిస్తాడు. వడ్రంగులు చెక్క మీద గీత కొట్టడానికి వాడే దారాన్ని మంత్రించిన సిరాలో ముంచి, శవపేటిక నిండా గడులు గడులుగా గీతలు కొట్టాలి. శిష్యులు దారాన్ని లాగి వదులుతూ పైనా పక్కలా శ్రద్ధగా కొడతారు. అడుగున కొట్టడం మరిచిపోతారు. కథ మొత్తం ఆ కొట్టని గీతల్లోంచే బయటికొస్తుంది.

తర్వాత ఒక శిష్యుడికి పిశాచై లేచిన ఆ శవం గోళ్లు గుచ్చుకుంటాయి. విషం ఎక్కితే వాడూ పిశాచి అయిపోతాడు. మందేమిటంటే జిగురు బియ్యం. దాన్ని నేల మీద పరిచి, ఒళ్లు బిగుసుకుపోకుండా వాడు దాని మీద ఆడుతూనే ఉండాలి. రెండో శిష్యుడు కొట్టుకి వెళ్తే, కొట్టువాడు జిగురు బియ్యంలో మామూలు బియ్యం కలిపి అంటగడతాడు. మందు పనిచెయ్యదు. ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. సమో హంగ్ 1980లో తీసిన ‘ఎన్‌కౌంటర్స్ ఆఫ్ ది స్పూకీ కైండ్’లోనూ ఇదే తంతు. గుడిలో శవపేటిక పక్కన రాత్రంతా గడపాల్సి వచ్చిన హీరోకి, శవం లేవబోయినప్పుడల్లా కోడిగుడ్డు లోపలికి విసరమని ఒక పెద్దమనిషి చెబుతాడు. గుడ్లమ్మేవాడు వాటిలో బాతుగుడ్లు కలిపేస్తాడు. బాతుగుడ్డు పడగానే శవం బయటికి దూకుతుంది.

రెండు కథల్లోనూ ప్రాణం మీదికి తెచ్చింది కల్తీ. చీకటి శక్తి ఎంత పెద్దదైనా చివరికి కిరాణాకొట్టు దగ్గరికొచ్చి ఆగుతుంది. నాకు ఈ సినిమాల మీద మోజు పుట్టింది ఇక్కడే. యూరప్ రక్తపిశాచిని ఎదిరించడానికి శిలువ కావాలి, పవిత్రజలం కావాలి. ఇక్కడ కావలసినవి బియ్యం, గుడ్లు, సిరా, మంత్రం రాసిన పసుపు కాగితం. అవీ లేకపోతే ఊపిరి బిగబట్టినా చాలు, పిశాచికి మనిషి జాడ తెలియదు. ఊపిరి అందరికీ ఉంది. కాబట్టి హీరో కావడానికి వంశమూ అక్కర్లేదు, వరమూ అక్కర్లేదు. ‘ఎన్‌కౌంటర్స్’ హీరో యజమాని చేతిలో మోసపోయిన ఓ బండివాడు. సూచన సరిగ్గా వినేవాడు, సరుకు సరిచూసుకునేవాడు, పెట్టె అడుగున కూడా గీత కొట్టేవాడు, వీళ్లే బతికి బయటపడతారు.

ఈ పిశాచి కూడా విచిత్రమైనదే. చైనా జానపదంలో దాన్ని జియాంగ్‌షి అంటారు. కట్టెలా బిగుసుకుపోయిన శవం, చింగ్ రాజుల నాటి కొలువు దుస్తులు, ముందుకు చాచిన చేతులు. నడవలేదు, గెంతుతుంది. పరాయి ఊళ్లో చనిపోయినవాళ్లను సొంతూరు చేర్చడానికి హునాన్ ప్రాంతంలో శవాలను నడిపించుకుపోయేవారన్న కథలు దీని వెనక ఉన్నాయి. వెదురుగడలకు కట్టి మోసుకెళ్తుంటే, గడలు ఊగినప్పుడు శవాలు గెంతుతున్నట్టు కనబడేవని ఒక వివరణ. చచ్చినా ఇంటికి చేరాలన్న మనిషి ఆశే ఆ గెంతులో ఉంది.

మరి గెంతే శవంతో కొట్లాట నమ్మించడం ఎలా? దానికి జవాబు నటుల ఒంట్లో ఉంది. ‘మిస్టర్ వాంపైర్’లో పిశాచి వేషం కట్టింది యుయెన్ వా. ‘ఎంటర్ ది డ్రాగన్’లో బ్రూస్ లీ బదులు పల్టీలు కొట్టిందీ ఆయనే. బ్రూస్ లీ పోస్టర్లు గోడలకంటించుకుని పెరిగిన మనవాళ్లు నోరు తెరుచుకుని చూసిన పల్టీ ఆ పిశాచిదే! కావ్ మాస్టారుగా వేసిన లామ్ చింగ్-యింగ్ కూడా బ్రూస్ లీ దగ్గర పనిచేసినవాడే. సమో హంగ్‌తో సహా వీళ్లంతా చిన్నప్పుడు పెకింగ్ ఒపేరా బడుల్లో ఒళ్లు హూనం చేసుకుని నేర్చుకున్నవాళ్లు. ఆ రంగస్థలం మీద పాట, కత్తియుద్ధం, విదూషకుడు, దేవుడు, దయ్యం అందరూ ఒకే రాత్రి కలిసి ఆడేవారు. ఒపేరాకి ఆదరణ తగ్గి ఆ కుర్రాళ్లు సినిమా ఫైటర్లుగా మారినప్పుడు ఆ కలివిడి కూడా వెంట వచ్చింది. ‘ఎన్‌కౌంటర్స్’ చివర ఎత్తయిన పీఠాల మీద నిలబడి ఇద్దరు మాంత్రికులు పోటాపోటీగా దేవతలను రప్పిస్తారు. హీరో ఒంట్లోకి కోతి దేవుడు దిగుతాడు. లావుపాటి సమో హంగ్ కన్ను, మెడ, వేళ్లు, అన్నీ క్షణంలో కోతివైపోతాయి. అక్కడ గ్రాఫిక్స్ లేవు, ఏళ్ల సాధన ఉంది. దయ్యం బొమ్మది కావచ్చు, బల్ల విరిగేలా పడిన నడుము మాత్రం నిజం.

దుకాణంలో సరుకులన్నీ ఒకచోట పోసినంత మాత్రాన వంట కాదన్నదీ నిజమే. 1974లో బ్రిటన్ హామర్ సంస్థ, హాంకాంగ్ షా బ్రదర్స్ కలిసి ‘ది లెజెండ్ ఆఫ్ ది 7 గోల్డెన్ వాంపైర్స్’ తీశాయి. డ్రాకులాను చైనాకు తెచ్చారు, పీటర్ కుషింగ్ పక్కన కుంగ్‌ఫూ వీరులను నిలబెట్టారు. చూడటానికి సరదాగానే ఉంటుంది గానీ రెండు ముక్కలూ అతకవు. పొలిమేర దాటి పూర్తిగా వెర్రెత్తిన సినిమా కావాలంటే 1983 నాటి ‘ది బాక్సర్స్ ఓమెన్’ ఉంది. రింగులో అవిటివాడైన తమ్ముడి పగ తీర్చడానికి థాయ్‌లాండ్ వెళ్లిన అన్న బౌద్ధ భిక్షువై క్షుద్ర మాంత్రికులతో తలపడతాడు. తెగిన తల పేగులు వేలాడుతూ ఎగిరొచ్చి గొంతు చుట్టేస్తుంది. ఒళ్లు గగుర్పొడుస్తుంది, అయినా చూపు తిప్పుకోలేం. రంగు కాగితం, జిగురు, తీగలతో ఇంత ఊహ పండించిన చేతులకు దండం పెట్టాలనిపిస్తుంది.

తెలుగువాళ్లకు ఈ రుచి కొత్త కాదు. ‘జగన్మోహిని’లో కట్టెల బదులు తన కాలే పొయ్యిలో పెట్టిన దయ్యాన్ని చూసి 1978లో మనవాళ్లు జడుసుకున్నారు, నవ్వుకున్నారు, మళ్లీ టిక్కెట్టు కొన్నారు. ఆ సినిమా తీసిన విఠలాచార్యకు హాంకాంగ్‌తో చుట్టరికమేమీ లేదు. డబ్బు తక్కువైన చోట ఊహ ఎక్కువ పనిచెయ్యాలన్న ఇంగితం మాత్రం ఇద్దరిదీ ఒకటే. జనం ఏ క్షణంలో విసుగెత్తుతారో ఇద్దరికీ తెలుసు. హాంకాంగ్‌లో విడుదలకు ముందే అర్ధరాత్రి ఆట వేసి, జనం ఎక్కడ కేకలేశారో ఎక్కడ తిట్టారో చూసుకుని కత్తెర పట్టేవారు. అంత కరుకైన పరీక్ష పెద్ద పెద్ద కళాఖండాలకు కూడా ఉండదు.

వీటిలో లోపాలను నేను దాచను. ‘ఎన్‌కౌంటర్స్’ చివర తనను మోసం చేసిన భార్యను హీరో చితకబాదుతుంటే జనం నవ్వుతారని తీసినవాళ్లు అనుకున్నారు. నాకు ఆ చోట నవ్వు రాదు, రాకూడదు కూడా. ఆడవాళ్లకు ఈ సినిమాలు ఇచ్చిన చోటు చాలా ఇరుకు.

2013లో జూనో మాక్ ఈ పాత సినిమాలకు నివాళిగా ‘రిగర్ మోర్టిస్’ తీశాడు. ‘మిస్టర్ వాంపైర్’ శిష్యుల్లో ఒకడైన చిన్ సియు-హో అందులో అవకాశాలు పోయిన నటుడు. పిశాచాలను పట్టే వంశంలో పుట్టిన ఒకాయన ఆ పని మానుకుని జిగురన్నం వండి అమ్ముకుంటుంటాడు. నటన, కెమెరా, వెలుగునీడలు అన్నీ పాతవాటికన్నా మెరుగు. నవ్వు మాత్రం లేదు. నవ్వు తీసేశాక భయం బరువెక్కింది, మనుషులు ఒంటరివాళ్లయ్యారు. అది చూశాకే నాకు పాత సినిమాల నిర్మాణం పూర్తిగా అర్థమైంది. అక్కడ హాస్యం పైన చల్లిన తాలింపు కాదు. బియ్యం మీద ఆడేవాణ్ణి చూసి నవ్వుతున్నప్పుడు మన బిగువు సడలుతుంది, మళ్లీ భయపడే సత్తువ వస్తుంది. వాడు చేసేది హాస్యాస్పదంగా ఉందని మనకు తెలుసు. ఆడటం ఆపితే చస్తాడనీ తెలుసు. ఆ రెండూ ఒకేసారి తెలియడమే బతుకంటే. దాన్ని పాఠంలా చెప్పకుండా, పల్టీలు కొట్టి చూపించిన ఈ సినిమాలను నలుగురిని కూడగట్టుకుని, గట్టిగా కేకలేస్తూ చూడండి. వాటిని తీసిందే అందుకు.