గేటు లోపల లైటు ఎవరిది?

గేటు బయట వీధిలైటు ఆరిపోతే మున్సిపాలిటీకి ఫిర్యాదు చేస్తాం. లోపల ఆరిపోతే వాట్సాప్ గ్రూపులో పెట్టుకుంటాం. హైదరాబాద్ శివారులో ఇల్లు కొన్న మా బతుకు ఇంతే. రోడ్లు, పార్కు గిఫ్ట్ డీడ్ కింద మున్సిపాలిటీకి రాసిచ్చేశారని కాగితాల్లో ఉంది. అడిగితే ‘గేటు పెట్టుకున్నారుగా, మీరే చూసుకోండి’ అంటారు. ఆస్తి పన్ను దగ్గర మాత్రం గేటు గుర్తు రాదు!

మొన్న వేసవిలో ఎస్‌టీపీ మోటారు కాలిపోయింది. 60 ఇళ్ల మురుగుకి అది మొదట్నుంచీ చిన్నదేనని మెకానిక్ తేల్చాడు. చందా అడగబోతే అద్దెకిచ్చిన ఓనర్లు ఫోనెత్తరు. మూలింటి పెద్దాయన ‘నాకు వాసన రావట్లేదమ్మా’ అన్నారు. గాలి ఆయన వైపు వీయదు లెండి.

2016 రెరా చట్టం ప్రకారం అసోసియేషన్ చేతిలోకి తీసుకునేదాకా సేవల నిర్వహణ బిల్డరుదే. ఇల్లు అప్పగించిన 5 ఏళ్లలోపు ఇలాంటి లోపం చెబితే 30 రోజుల్లో సొంత ఖర్చుతో సరిచేయాలి. మాకు నాలుగో ఏడు నడుస్తోంది. అందుకే ఫిర్యాదు రాసి, ఇంటింటికీ తిరుగుతున్నా. ఇల్లు చూడ్డానికి వెళ్లేవాళ్లు కిచెన్ టైల్స్ తర్వాత చూడొచ్చు, ముందు కార్పస్ ఫండ్ ఎవరి ఖాతాలో ఉందో అడగండి.

ఇప్పటికి 42 సంతకాలయ్యాయి. పెద్దాయన ఇంకా ఆలోచిస్తున్నారు.