రామానుజన్ కానివాళ్ళ సంగతి

ఇంటర్‌లో మార్కులు తగ్గిన పిల్లలకి మన ఇళ్ళల్లో దొరికే మొదటి ఓదార్పు శ్రీనివాస రామానుజన్. కుంభకోణంలో స్కాలర్‌షిప్పు పోయింది, 1907లో మద్రాసులో ఎఫ్.ఏ. తప్పాడు, అయినా 1914లో కేంబ్రిడ్జి వెళ్ళలేదా అంటారు. ఎఫ్.ఏ. అంటే ఆ రోజుల ఇంటర్ లాంటిదే. కథ నిజమే. కానీ వెయ్యికి 764 తెచ్చుకుని, ఏ నోటుబుక్కులోనూ ఏ సిద్ధాంతమూ దాచుకోని పిల్లకి ఆ కథ వల్ల ఒరిగేదేం లేదు. ఆ 764 నావే కాబట్టి ఈ మాట కాస్త ధీమాగానే అంటున్నాను.

నేను ఇంటర్ పూర్తిచేసింది 2012లో. బెజవాడ దగ్గర ఒక రెసిడెన్షియల్ కాలేజీ, ఎం.పి.సి. సెకండ్ లాంగ్వేజి తెలుగు తీసుకుంటానంటే "స్కోరింగ్ కాదమ్మా" అని సంస్కృతంలో వేశారు. అందులో నాకు నూటికి 98 వచ్చాయి. ఇవాళ నన్ను ఒక్క శ్లోకం చెప్పమంటే చెప్పలేను. సెలవులకి ఖమ్మం వచ్చినప్పుడల్లా గ్రంథాలయంలో కూచుని చరిత్ర పుస్తకాలు నమిలేసేదాన్ని. దానికి సున్నా మార్కులు. ఎం.పి.సి.లో చరిత్ర లేదుగా! ఫిజిక్స్ మాత్రం నిజంగానే రాలేదు, అక్కడ మార్కుల మెమో చెప్పింది అక్షరాలా నిజం. అంటే ఒకే కాగితంలో ఒక ఎక్కువ, ఒక తక్కువ, ఒక సరైన లెక్క. మూడూ కలిపితే 764. టీవీలో "ఒకటి, ఒకటి, రెండు, రెండు" అంటూ ర్యాంకులు అరిచే ప్రకటనల పక్కన ఆ అంకెని పెట్టి చూసి, మా ఇంట్లో రెండు రోజులు ఎవరూ సరిగ్గా అన్నం తినలేదు.

అప్పటికే నేను ఇంకో పరీక్షకి ఫారం నింపేసి ఉన్నాను. గచ్చిబౌలిలోని హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో 2006 నుంచీ ఐదేళ్ళ ఇంటిగ్రేటెడ్ కోర్సులు ఉన్నాయి. ఇంటర్ అయిపోగానే చేరొచ్చు. కావలసిన కనీస శాతం ఉంటే చాలు, ఆ తర్వాత వాళ్ళ ఎంట్రన్స్‌లో ఎలా రాశామన్నదే లెక్క. ఎం.పి.సి. చదివినవాళ్ళు సోషల్ సైన్సెస్‌కి రాకూడదన్న పట్టింపూ లేదు. ఇదంతా నాకెలా తెలుసు? నాన్నతో పనిచేసే ఒకాయన కూతురు అక్కడ చదువుతోంది కాబట్టి. ఆ అక్క ఫోన్ చేసి, నేను పబ్లిక్ పరీక్షలకి చదువుకుంటుండగానే నాచేత ఫారం నింపించింది. నా హాస్టల్ గదిలో మిగతా ఐదుగురికీ అలాంటి అక్క లేదు. వాళ్ళలో ఇద్దరు నాకన్నా బాగా చదివేవాళ్ళు, ఒకమ్మాయి కథలు రాసేది. ఆ అమ్మాయి దగ్గర్లో సీటొచ్చిన ఇంజినీరింగ్ కాలేజీలో చేరింది.

సీటొచ్చింది. చేరాక నా ఇంటర్ మార్కులు ఎవరూ అడగలేదు. అలాగని మొదటి ఏడాది హాయిగా గడవలేదు. వారానికి నలభై పేజీల ఇంగ్లీషు చదివి, చర్చలో ఏదో ఒకటి మాట్లాడాలి. తొంభై ఐదు శాతాల కేరళ పిల్లలు గడగడా మాట్లాడుతుంటే నేను వెనక బెంచీలో నోట్సు రాసుకునేదాన్ని. రెండో ఏడాదికి గానీ చెయ్యెత్తి ప్రశ్న అడగడం అలవాటు కాలేదు. నన్ను తీసుకున్నందుకు ఆ యూనివర్సిటీకి రామానుజన్ దొరకలేదు. చరిత్ర ఇష్టంగా చదివే ఒక మామూలు విద్యార్థి దొరికింది. గట్టి పోటీ ఉన్న చదువుకైనా ఎక్కువగా కావలసింది అలాంటి వాళ్ళేనని నా నమ్మకం.

ఇలా బోర్డు మార్కుల్ని పక్కన పెట్టే చోట్లు మన దేశంలో ఇంకా ఉన్నాయి. చెన్నై మేథమెటికల్ ఇన్‌స్టిట్యూట్ తన పరీక్ష తనే పెట్టుకుంటుంది. ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ కూడా తన లెక్కల పరీక్ష మీదే బి.స్టాట్, బి.మ్యాథ్ పిల్లల్ని ఎంచుకుంటూ వచ్చింది. లెక్కలు ప్రాణంగా ఉండి కెమిస్ట్రీలో దెబ్బతిన్న పిల్లాడికి ఇవి బంగారంలాంటి చోట్లు. ఢిల్లీ యూనివర్సిటీ మాత్రం చాలాకాలం దీనికి పూర్తిగా వ్యతిరేకం. 2011లో శ్రీరామ్ కాలేజ్ ఆఫ్ కామర్స్, కామర్స్ చదవని పిల్లలకి బి.కాం. ఆనర్స్ కటాఫ్ నూటికి నూరు పెట్టింది. 2021లో హిందూ కాలేజీలో పొలిటికల్ సైన్స్‌కీ నూరే. ఒక్క మార్కు తగ్గినా గేటు బయటే. 2022లో సి.యు.ఇ.టి. వచ్చాక ఆ కటాఫ్‌లు పోయాయి. ఇప్పుడు అక్కడ పన్నెండో తరగతి పాసైతే చాలు, సీటుని నిర్ణయించేది ఎంట్రన్స్ స్కోరే. మా యూనివర్సిటీ ఇంటిగ్రేటెడ్ కోర్సులూ అందులోకే వెళ్ళాయి.

సంతోషించాలనే ఉంది. కాకపోతే ఊరూరా ఉన్న చిన్న తలుపుల స్థానంలో ఇప్పుడొక పెద్ద గేటు లేచింది. గేటు పెద్దదయ్యేకొద్దీ దాని ముందు కోచింగ్ బోర్డులు లేస్తాయి. ఒక్కో చోట ఒక్కోరకం ప్రశ్న అడిగితే, ఒక చోట దొరకని పిల్ల ఇంకో చోట దొరుకుతుంది. అందరూ ఒకే ప్రశ్న అడిగితే, అందులో దొరకనివాళ్ళు ఎక్కడా దొరకరు.

దీనికన్నా పెద్ద చిక్కు తేదీల్లో ఉంది. 2024లో సి.యు.ఇ.టి. దరఖాస్తులు ఏప్రిల్ మొదటి వారంలో, 2025లో మార్చిలోనే ముగిశాయి. రెండు రాష్ట్రాల్లోనూ ఇంటర్ ఫలితాలు ఆ తర్వాతే వచ్చాయి. మార్కులు తగ్గాయని తెలిసి, ఇంకేం దారి ఉందా అని వెతుక్కునే సరికి ఆ దారి మూసేసి ఉంటుంది. ముందే ఎవరో చెప్పినవాళ్ళకే అది ఉపయోగం. ఆ చెప్పేవాళ్ళు ఉండేది ఎక్కువగా చదువుకున్నవాళ్ళ ఇళ్ళల్లోనే. రెండేళ్ళు పిల్లల్ని తమ దగ్గరే ఉంచుకునే కాలేజీలు ఈ ఒక్క కాగితం నోటీసుబోర్డులో అంటించొచ్చు. హోర్డింగు మీద రాసుకోడానికి పనికొచ్చే ర్యాంకు కాదు కాబట్టి కాబోలు, నేనున్న రెండేళ్ళలో మా బోర్డు మీద ఎవరూ అంటించలేదు.

ఈ ఏడాది మా పిన్ని కూతురు సెకండియర్. బైపీసీ, కెమిస్ట్రీ అంటే భయం, సినిమాల గురించి గంటలు గంటలు మాట్లాడుతుంది. దసరా సెలవుల్లో ఇద్దరం కూచుని ఎంట్రన్సులూ, వాటికి పోయినేడు ఇచ్చిన ఆఖరి తేదీలూ ఒక కాగితం మీద రాసుకున్నాం. "వీటి గురించి మా క్లాసులో ఎవరికీ తెలీదక్కా" అంది. ఆ కాగితాన్ని ఫొటో తీసి క్లాసు వాట్సాప్ గ్రూపులో పెట్టమన్నాను. "అందరూ రాస్తే నాకు పోటీ పెరగదా?" అనడిగింది. పెరుగుతుందే, పెట్టు అన్నాను. కాసేపు ఫోన్ చేతిలో పట్టుకుని ఆలోచించి, పెట్టింది.