వాల్వు తాళంచెవి

వరంగల్ నుంచి బస్సులో గంట దూరం మా ఊరు. మా అత్తమ్మ నీళ్ళను నాలుకతోనే పరీక్ష చేసేది. "ఈ బోరింగు నీళ్ళతోని పప్పు ఉడకది బిడ్డా" అని, చేదబావి నీళ్ళకోసం ఇంకో వాడకు నడిచేది. ఉప్పదనం, తుప్పు వాసన, బ్లీచింగ్ ఎక్కువ పడ్డ సంగతి ఒక్క గుక్కతో చెప్పేసేది. ఆ తెలివికి ఎవరూ ఏ సర్టిఫికెట్టూ ఇవ్వలేదు.

2016లో మొదలైన మిషన్ భగీరథతో మా ఇంటికి నల్లా వచ్చింది. 2019లో మొదలైన జల్ జీవన్ మిషన్ ఊరికి ఐదుగురు ఆడవాళ్ళకు నీటి పరీక్ష నేర్పాలంది. మా సంఘం నుంచి నేనూ వెళ్ళాను. క్లోరోస్కోపు గొట్టంలో నీళ్ళు పట్టి మందు చుక్కలు వేస్తే పసుపు రంగు రావాలి. లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ చివరి ఇంటి నల్లాలో కూడా మిగలాలి. ఫ్లోరైడ్ 1 మిల్లీగ్రాము మించకూడదు. వేరే నీళ్ళు దొరకనిచోట 1.5 దాకా. పొరుగున నల్లగొండ జిల్లాలో తరాల ఎముకలు వంచిన ఈ ఫ్లోరైడ్‌కు రుచి లేదు, వాసన లేదు, మరగబెట్టినా పోదు. అత్తమ్మ నాలుకకు అందనిదీ ఒకటుందన్నమాట. శిక్షణ ఎందుకో ఆ రోజు అర్థమైంది.

ఒక వానాకాలం మా వాడ చివరి నల్లా నీళ్ళకు రంగే రాలేదు. టాంకీ దగ్గరికి పోయాను. "మీకెందుకమ్మా ఇదంతా" అన్నాడు నీళ్ళు వదిలే అతను. అతన్ని తప్పుపట్టను. బ్లీచింగ్‌ను బకెట్లో కలిపి, మడ్డి అడుగుకు దిగాక తేట మాత్రమే టాంకీలో పోయాలనీ, అరగంట ఆగాకే నీళ్ళు వదలాలనీ అతనికి ఎవరు నేర్పారు? వాళ్ళ నాయనను చూసి నేర్చుకున్నాడు. అయినా తేడా ఉంది. అతనికి నెల జీతం, వాల్వు తాళంచెవి ఉన్నాయి. నాకు పరీక్ష డబ్బా, నోటుబుక్కు ఉన్నాయి. తప్పు కనిపెట్టడం నా వంతు, సరిదిద్దే అధికారం అతనిది.

నీటి కమిటీల్లో సగం ఆడవాళ్ళుండాలని ఆ పథకం నియమాలే చెబుతున్నాయి. కుర్చీల్లో సగం ఇచ్చినవాళ్ళు మోటారు నడపడం, మందు మోతాదు లెక్కగట్టడం నేర్పే చోట, జీతం వచ్చే చోట సగం ఎందుకివ్వరు? బిందె మోసేటప్పుడు ఎవరూ మా అర్హత అడగలేదు.

ఆ సాయంత్రం అతనూ నేనూ కలిసి బ్లీచింగ్ కలిపాం. అరగంట ఆగి నీళ్ళు వదిలాం. చివరి నల్లా దగ్గర గొట్టంలో పసుపు తేలింది. అత్తమ్మ ఒక గుక్క తాగి మొహం చిట్లించింది.

"మందు వాసనొస్తంది బిడ్డా."

"రావాలె అత్తమ్మా" అన్నాను.