మునిగొస్తాను

ఈసారి నాయనమ్మ దిద్దిన ఒక్క మాట గురించి రాస్తున్నాను.

పోయిన నెల బగాన్ దాతోలో ఉన్న నాయనమ్మకి ఫోన్ చేసి, "ఆదివారం తియోమాన్ వెళ్లి సముద్రంలో మునిగిపోతాను" అని సంతోషంగా చెప్పాను. "అయ్యో, అవేం మాటలురా!" అని అరిచింది. తర్వాత నెమ్మదిగా చెప్పింది. "ఇంట్లోంచి వెళ్లేటప్పుడు వెళ్లొస్తాను అంటాం కదా. ఇదీ అంతే. మునిగొస్తాను అనాలి." నోట్‌బుక్‌లో రాసుకున్నాను.

నేను సిలిండర్ లేకుండా, ఊపిరి బిగబట్టి మునుగుతాను. ఫిన్స్ వేసుకుని 12 మీటర్లు దిగి రాగలను. ఆ ఆదివారం స్నేహితుడి నీటి స్కూటర్ అడిగి తీసుకున్నాను. బ్యాటరీతో తిరిగే ఫ్యాన్ లాంటిది. మీట నొక్కితే అదే లాక్కుపోతుంది. కాళ్లు కొట్టక్కర్లేదు కాబట్టి ఊపిరి ఎక్కువసేపు ఆగుతుంది.

మొదటిసారి చెవులు నొప్పెట్టి వెనక్కి వచ్చేశాను. లోతుకి పోయేకొద్దీ ఒత్తిడి పెరుగుతుంది. 10 మీటర్ల దగ్గర పైన ఉన్నదానికి రెట్టింపు. ముక్కు పట్టుకుని చెవుల్లోకి గాలి పంపుతూ ఉండాలి. నా రెండు చేతులూ స్కూటర్ మీదే ఉన్నాయి!

రెండోసారి ఒక చేత్తో స్కూటర్, ఒక చేత్తో ముక్కు పట్టుకున్నాను. చాలా హాయిగా ఉంది. వాచీ చూస్తే 18 మీటర్లు.

మీట వదిలాను. పైకి తేలలేదు, కిందికే జారుతున్నాను. అంత లోతులో ఊపిరితిత్తుల్లో గాలి కుంచించుకుపోతుంది, ఒళ్లు తేలదు. తలెత్తి చూస్తే స్నేహితుడు ఎక్కడో పైన, చిన్నగా. ఒకరు మునిగితే ఒకరు కాపలా ఉండాలని మా నియమం. పైకి వస్తూ చివరి 10 మీటర్లలోనే స్పృహ తప్పే ప్రమాదం ఎక్కువ. కానీ ఇంత లోతుకి అతను రాలేడు. స్కూటర్ నా చేతిలో ఉంది.

మళ్లీ మీట నొక్కాను. పైకి తెచ్చింది. అది ఆగిపోయి ఉంటే?

స్నేహితుడు నన్ను తిట్టలేదు. స్కూటర్ తీసుకుని పడవలో పెట్టేశాడు. "నీ కాళ్లు నిన్ను తిరిగి తేగలిగినంత లోతుకే వెళ్లు" అన్నాడు.

రాత్రి నాయనమ్మ ఫోన్ చేసింది.

"మునిగొచ్చాను, నాయనమ్మా."

"ఇప్పుడు సరిగ్గా చెప్పావు" అని మెచ్చుకుంది.

18 మీటర్ల సంగతి మాత్రం చెప్పలేదు.