కాలయంత్రమును గూర్చిన కొన్ని సందేహములు

"కథకు కాళ్ళు లేవు, ముంతకు చెవులు లేవు" అని పెద్దలందురు. కథను వినవలెనే గాని అది యెట్లు నడచినదని అడుగరాదని దీని తాత్పర్యము. ఏడు సముద్రముల కావల మర్రిచెట్టు తొర్రలోని చిలుకలో మాంత్రికుని ప్రాణమున్న దనినప్పుడు మేమును ఊకొట్టుచు విందుము. అది మహిమ, మహిమకు లెక్క యడుగువారు లేరు. కాని శాస్త్రము పేరు చెప్పుకొని నడచు కథకుగూడ ఈ సామెత చెల్లునా?

తెలుగున నిట్టి కథలలో ప్రసిద్ధమైనది సింగీతం శ్రీనివాసరావుగారు దర్శకత్వము వహించిన 'ఆదిత్య 369' అను చలనచిత్రము. ఇది 1991వ సంవత్సరమున వెలువడెను. ప్రొఫెసరు రామదాసు నిర్మించిన కాలయంత్రములో కృష్ణకుమారుడును హేమయు 1526వ సంవత్సరమునకు, శ్రీకృష్ణదేవరాయల కాలమునకు, పోవుదురు; పిమ్మట 2504వ సంవత్సరమునకును పోవుదురు. నందమూరి బాలకృష్ణగారే కృష్ణకుమారుడుగను రాయలుగను నటించిరి. ఈ చిత్రము టెలివిజనులో వచ్చినప్పుడెల్ల మేము పిల్లలతో కలసి చూచుచుందుము. వారడిగిన ప్రశ్నలే ఈ వ్యాసమునకు మూలము.

మొదటి ప్రశ్న: యంత్రము కాలమున గదా ప్రయాణము చేయునది, చోటెట్లు మారినది? నేటి నగరమున బయలుదేరినది విజయనగర ప్రాంతమున తేలనేల? ఇంతకంటె పెద్ద చిక్కు వేరొకటి కలదు. భూమి సూర్యుని చుట్టు సెకనుకు సుమారు 30 కిలోమీటర్ల వేగమున పోవుచున్నది. యంత్రము మా సుమ్మాదేవిలో నుండి ఒక్క సెకను వెనుకకు బోయి, ఆకాశమున తానున్నచోటనే నిలిచినయెడల, ఊరు దానికి 30 కిలోమీటర్ల దూరమున నుండును. 465 సంవత్సరములు వెనుకకు బోయినచో చెప్పవలసిన దేమున్నది! ఎచ్.జి. వెల్సు 1895లో ప్రకటించిన 'ది టైం మెషీన్' నవలలోని యంత్రమునకును ఈ చిక్కు తప్పలేదు.

యంత్రము భూమిని విడువక మా ఊరనే 1526లో దిగినచో రాయలు కనబడునా యని యొక బాలుడు అడిగెను. కనబడడు. రాయలు కళింగముపై దండెత్తి 1516లో సింహాచల స్వామిని సేవించి శాసనము వ్రాయించెను. పొట్నూరున జయస్తంభము నాటించెను. కాని పిమ్మట సంధి చేసికొని, కృష్ణానదికి ఉత్తరముననున్న భూములను గజపతి ప్రతాపరుద్రునకు మరల నిచ్చివేసెను. కావున ఉద్దానమున దిగినవారు గజపతి భటులకు జవాబు చెప్పుకొనవలసి యుండెడిది.

రెండవ ప్రశ్న భాషను గూర్చినది. "మా నాయనమ్మ మాట బెజవాడవారికే తెలియదు, ఇతని మాట ఆనాటి సభవారి కెట్లు తెలిసెను?" అని యొక బాలిక అడిగెను. ఇది తేలికగా త్రోసివేయదగిన ప్రశ్న కాదు. తెలుగు మాట కాలమునుబట్టియు సీమనుబట్టియు మారునని ఆ బాలిక వ్యాకరణము చదువకయే గ్రహించినది.

మూడవది పాత్రల నడవడిని గూర్చినది. నడుపుట సరిగా తెలియని యంత్రమున బుద్ధిమంతు లెవరైన కూర్చుందురా? 1565లో తళ్ళికోట యుద్ధమున విజయనగరము కూలునని చదువుకొన్నవాడు రాయల యెదుట నిలిచినప్పుడు చేయదగిన దేమి? చెప్పినచో, రాజు జాగ్రత్తపడినచో, అతడు చదివిన చరిత్రయే మారిపోవును. చెప్పకున్నచో, తెలిసియు మిన్నకున్న దోషము కలుగును. ఈ చిక్కు ఒక్క కృష్ణకుమారునకే గాదు, గతమునకు బోవు ప్రతి కథానాయకునకును కలదు.

ఇన్ని సందేహములున్నను మాకు ఆ చిత్రమునందు ప్రీతి తగ్గలేదు. ఆలోచింపగా దోషములు రెండు తెరగులని తోచుచున్నది. కాలయంత్రము కలదను ఒక్క అసంభవమును కథకుడు అప్పుగా అడుగును; మనము సంతోషముతో నిత్తుము. ఇది దోషము కాదు. కాని తాను పెట్టిన నియమమును తానే మరచుటయు, కథ ముందుకు సాగుటకై పాత్రచేత కారణములేని పని చేయించుటయు అప్పు ఎగవేయుట వంటివి. ఈ తేడా తెలిసిన పిల్లవాడు కథను మరింత శ్రద్ధగా చూచును. ఒక్కసారి చూచి మరచిన కథను ప్రశ్నించువా డెవడును లేడు.

ఇండ్లలో పిల్లలు ఇట్టి ప్రశ్న వేసినప్పుడు "సినిమాయే గదా, నోరు మూసికొని చూడు" అనుట వాడుక. తల్లిదండ్రులకు మా మనవి యొక్కటే: అట్లనకుడు. మన ఉద్దానమున ఇంటింట తెలిసిన కథ యొకటి కలదు. కొబ్బరి, జీడి తోటలలో పనిచేయువారు మూత్రపిండముల వ్యాధిచే క్షీణించుచున్నారు. నీరనియు, ఎండయనియు, పురుగుమందనియు, వంశమనియు పలుకారణములు చెప్పబడినవి. ఏ యొక్కటియు నిశ్చయముగ తేలలేదు. పలాసలో 2023 డిసెంబరు 14న 200 పడకల ఆసుపత్రియు, దానితో పరిశోధనాకేంద్రమును ప్రారంభింపబడినవి. కట్టడములు లేచినంతమాత్రమున కారణము తెలియదు. "ఈ మాటకు ఆ మాట పొసగుట లేదే, నడుమ నేదో తప్పిపోయినది" అని యడుగువారు కావలెను.

సినిమాలోని కంతను పాటతోనైనను కప్పవచ్చును. మన ఊరి కథలోని కంతను అట్లు కప్పరాదు. విద్యార్థులారా, టెలివిజను ముందు కూర్చుండి "ఇదెట్లు?" అని యడుగుట నేర్చినవారిలో ఒక్కరైనను రేపు ఆ పరిశోధనాకేంద్రమున కూర్చుండి అదే ప్రశ్న వేయుదురు గాక యని మా కోరిక.