ఆస్పరిలో అరవై ఏళ్ళు దాటిన అంబాసిడర్

గుంతకల్లులో రాయచూరు వైపు పోయే బండి ఎక్కి కిటికీ పక్కన కూర్చున్నవారికి, ఆదోని రాకముందే ఆస్పరి అనే స్టేషను తగులుతుంది. తెలియనివారు బోర్డు చదివి, మళ్ళీ చేతిలోని పత్రికలో తల దూర్చుతారు. మదరాసు నుంచి వచ్చిన రైలుమార్గమూ, బొంబాయి నుంచి వచ్చిన రైలుమార్గమూ 1871లో రాయచూరు దగ్గర కలుసుకున్నవి. ఆ దారి మీదనే ఉన్నది ఈ ఊరు. చుట్టూ నల్లరేగడి. వాన పడితే చెప్పు వదలదు, ఎండ కాస్తే నెర్రెలు విచ్చుతుంది. పత్తీ, వేరుశనగా, శనగా ఈ నేల పంటలు.

ఈ సీమవారికి ఒక విద్య పుట్టుకతో వస్తుంది. అది సరుకు చూడడం. ఆదోని మార్కెట్టులో పత్తి కొనేవాడు కుప్పలోకి చెయ్యి పోనిచ్చి అడుగునుంచి ఒక గుప్పెడు తీస్తాడు. బొటనవేలికీ చూపుడువేలికీ నడుమ పింజను లాగి పొడుగు చూస్తాడు. పసుపు తిరిగిందా, ఆకు కలిసిందా, తేమ ఉన్నదా అని చూస్తాడు. పైన పరచిన తెల్లని పత్తికి అతను మోసపోడు. ఎమ్మిగనూరు పోతే, చీర కొనే ఇల్లాలు రంగు చూడకముందు తిరగవేసి అంచు చూస్తుంది. పైమెరుగు వేరు, అసలు సరుకు వేరు అన్న సంగతి ఇక్కడ బడిలో చెప్పనక్కరలేదు.

అటువంటి ఊళ్ళో ఒక మోటారుకారును పరీక్షించే పని పడింది. ఒక రైతు పెద్దాయన ఇంట్లో, పత్తి నింపే కొట్టం చివర, 1961లో రిజిస్టరైన అంబాసిడరు కారొకటి ఉన్నదని విని, ఆదోనినుంచి ఒక మెకానిక్ భాయిని వెంటబెట్టుకొని పోయినాను. మనుమరాలి పెళ్ళి దగ్గర పడుతున్నది. పెళ్ళికూతురు ఆ కారులోనే మంటపానికి పోవాలని ఇంట్లో అందరి సరదా. మనుమడు దానికి కొత్త రంగు, కొత్త సీట్లు, తళతళలాడే కొత్త బంపర్లు వేయించి పెళ్ళినాటికి నిగనిగలాడించాలని పట్టుబట్టినాడు. రంగుపనివాడికి బయానా కూడా ఇచ్చినాడట. పెద్దాయనకు మనసొప్పలేదు గాని, కారణం నోటికి రాలేదు.

“రాండప్పా, చూడండి. మీరే ఏదో ఒకటి చెప్పండి. నేను చెప్తే ముసలోని చాదస్తమంటాడు వీడు” అన్నారాయన.

కారు పుట్టుపూర్వోత్తరాలు కొంచెం చెప్పవలసి ఉన్నది. హిందూస్థాన్ మోటార్సు కంపెనీ 1942లో గుజరాతు తీరాన ఓఖా రేవులో మొదలై, 1948లో కలకత్తా దగ్గర ఉత్తరపారాకు మారింది. ఇంగ్లండులోని మారిస్ ఆక్స్‌ఫర్డ్ మూడవ శ్రేణి కారు నమూనాను తెచ్చి 1957-58 నాటికి ఇక్కడ అంబాసిడరుగా తయారుచేసింది. తొలి కార్లకు పక్క వాల్వుల ఇంజను ఉండేది. కొద్దికాలంలోనే 1489 సీ.సీ. ఇంజను వచ్చింది, వాల్వులు పైకెక్కినవి. పేరు చివర మార్కు రెండు, మార్కు మూడు అని మారుతూ, ఒళ్ళు మాత్రం పెద్దగా మారకుండా, 2014 మే నెలలో తయారీ ఆగిపోయేదాకా ఆ కారు మన రోడ్లమీద తిరిగింది. 2017లో దాని పేరును ఫ్రాన్సుకు చెందిన పూజో కంపెనీ 80 కోట్ల రూపాయలకు కొన్నది. పేరుకే అంత ధర పలికిన కారు!

లైసెన్సుల రోజుల్లో డబ్బు కట్టి, కారుకోసం ఏళ్ళ తరబడి ఎదురుచూచేవారు. ఇంటికి వచ్చినదాన్ని అందుకే బిడ్డలా చూచుకున్నారు. ఇంకొక విశేషం. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రం ఏర్పడేదాకా ఆదోని, ఆలూరు తాలూకాలు బళ్ళారి జిల్లాలోవి. ఆ ఏడాదే అవి కర్నూలు జిల్లాలో చేరినవి. పెద్దాయన తండ్రిగారి కాలంలో ఏ కాగితం పనికైనా బళ్ళారి పోయేవారు. ఈ కారు కాగితాలు మాత్రం కర్నూలులోనే అయినవి. ఆ రిజిస్ట్రేషను పుస్తకం గుడ్డలో చుట్టి దేవుడి గూట్లో ఉంచినారు.

మెకానిక్ భాయి పుస్తకం చేత పట్టుకొని బానెట్టు ఎత్తినాడు. ఇంజను వెనుక రేకు గోడమీద చిన్న పలక. దుమ్ము తుడిస్తే చాసిస్ నెంబరు కనిపించింది. నెంబరు సరిపోయింది. కాని అతను అంతటితో తృప్తి పడలేదు. పలకను పట్టి ఉంచిన రివెట్లను గోరుతో తడిమినాడు. “ఇవి కార్ఖానావే సార్. పలక ఎవరైనా పీకి పెట్టింటే స్క్రూలు గాని, కొత్త రివెట్లు గాని ఉంటాయి” అన్నాడు. ఇంజను నెంబరూ పుస్తకంలోనిదే.

ఇది సామాన్యమైన విషయం కాదు. పెట్రోలు ధర పెరిగిన కాలంలో ఎన్నో అంబాసిడర్లకు అసలు ఇంజను దించి డీజిలు ఇంజన్లు ఎక్కించినారు. దించినవి పాతసామాను అంగళ్ళకు పోయినవి. “నన్నూ మార్చమనిరి. కారుకి గుండెకాయ తీసేస్తే ఇంకేముంది అని మారుస్తానంటే వద్దంటిని” అన్నారు పెద్దాయన.

తరువాత బోల్టులు. భాయి తన సంచిలోనుంచి అంగుళాల పానాలు తీసినాడు. ఇంగ్లండు నమూనా గనుక వీటికి 7/16, 1/2, 9/16 అంగుళాల పానాలు పట్టాలి. మిల్లీమీటరు పానా సరిగ్గా కూర్చున్నదంటే ఆ బోల్టు తరువాత ఎవరో వేసినదన్నమాట. రేడియేటరు దగ్గర రెండు అట్లాంటివి దొరికినవి. తలుపు బందుల బోల్టుల తలలమీద రంగు పగలలేదు. పానా పడి ఉంటే అంచుల దగ్గర రంగు పెచ్చు లేచేది. కాబట్టి ఈ తలుపులు ఫ్యాక్టరీలో బిగించినాక మళ్ళీ ఊడలేదు.

రంగు సంగతి ఇంకా చిత్రం. పైకి చూస్తే వెలిసిపోయిన బూడిద వన్నె. డిక్కీ మూత చుట్టూ ఉన్న రబ్బరు బీడింగు కొంచెం ఎత్తి చూస్తే, ఎండ తగలని చోట అదే రంగు చిక్కగా, నిన్న వేసినట్టు ఉన్నది. అంటే పైనున్నది తొలి రంగే. భాయి ఒక చిన్న అయస్కాంతాన్ని గుడ్డలో చుట్టి మడ్‌గార్డుల వెంట జరిపినాడు. రేకు ఉన్న చోట పట్టుకుంటుంది. సొట్టపూడ్చి లప్పం పెట్టిన చోట జారిపోతుంది. ఎడమవైపు వెనుక మడ్‌గార్డు దగ్గర అరచెయ్యంత మేర జారింది. పెద్దాయన నవ్వి, “అది ఎద్దుల బండి తగిలింది” అన్నారు.

డాష్‌బోర్డు వెనుక వైర్లమీద నూలు అల్లిక ఉన్నది. ఈ కాలపు వైర్లకు ఆ నూలు లేదు, అంతా ప్లాస్టికే. పత్తి ఊళ్ళో నిలిచిన కారుకు నరాలమీద కూడా పత్తే! స్పీడు చూపే గడియారం మైళ్ళలో ఉన్నది. దేశంలో దూరాలు కిలోమీటర్లలోకి మారుతున్న రోజులవి. అద్దాల మూలల్లో కంపెనీ ముద్రలు చూసినాము. ముందు అద్దం ఒక్కటే వేరు ముద్రది. అది రాయి తగిలి పగిలితే మార్చినదట.

వెనుక సీటు ఎత్తినప్పుడు మనుమడు కూడా వంగి చూసినాడు. స్ప్రింగులూ, గోనెపట్టా, వాటికింద రంగు సరిగా అంటని రేకూ. ఆ రేకుమీద పసుపు క్రేయానుతో ఎవరో రాసిన రెండు అంకెలు, పక్కన ఒక టిక్కు. ఉత్తరపారాలో ఏ కార్మికుడో తన పని ముగించి, ‘సరిగా ఉన్నది’ అని గుర్తు పెట్టి పై గుంపుకు తోసి ఉంటాడు. అరవై ఏళ్ళకు పైగా ఆ గీత సీటుకింద పదిలంగా ఉన్నది. “రంగుపనివాడు మొదలు చేసే పని ఇవన్నీ గీకేయడమే” అన్నాడు భాయి. మనుమడు మాటాడలేదు. జేబులోనుంచి ఫోను తీసి, ఆ అంకెలను ఫోటో పట్టుకున్నాడు.

ఇటువంటి గీతలకోసం అమెరికాలో పెద్ద వేటే జరుగుతుంది. 1964లో పాంటియాక్ జీటీఓ వంటి కార్లు అక్కడ వచ్చినవి. మామూలు కారు ఒంట్లో మహా బలమైన ఇంజను పెట్టినవి గనుక వాటిని ‘కండల కార్లు’ అంటారు. ఆ జీటీఓ ఇంజను 389 ఘనపుటంగుళాలు. మన అంబాసిడరు ఇంజనుకు నాలుగింతలు దాటుతుంది. ఏ కారుకు ఏ భాగాలు బిగించాలో రాసిన కాగితాన్ని ఫ్యాక్టరీవారు పని అయ్యాక ఒక్కోసారి సీటు స్ప్రింగుల్లోనో, పెట్రోలు ట్యాంకు పైనో వదిలివేసేవారు. ఈనాడు ఆ చిరుగు కాగితం దొరికితే పండుగే. ఇంజను నెంబరూ, పోతలో పడిన తేదీ, అద్దం ముద్రా, తనిఖీదారు గీతా అన్నీ ఒకదానితో ఒకటి సరిపోల్చి చూస్తారు. అందంగా రంగులు వేయించిన కారుకంటే, వెలిసిపోయినా ఎవరూ చెయ్యి పెట్టని కారునే ఎక్కువ మెచ్చుకొనే రసికులు అక్కడ ఎందరో. రంగు ఎన్నిసార్లైనా వేయవచ్చును. తొలి రంగు ఒక్కసారే ఉంటుంది.

మన దేశంలోనూ ఈ మాటకు ఇప్పుడు చట్టం తోడు వచ్చింది. 2021 జూలైలో కేంద్ర రోడ్డు రవాణా శాఖ పాతకాలపు వాహనాలకు ప్రత్యేక నియమాలు ప్రకటించింది. తొలి రిజిస్ట్రేషను జరిగి యాభై ఏళ్ళు దాటి, వ్యాపారానికి కాక సొంతానికి వాడుకొనే ద్విచక్ర, నాలుగు చక్రాల వాహనాలు ఇందులోకి వస్తాయి. అసలు రూపంలోనే ఉండాలి. చాసిస్సు, ఒళ్ళు, ఇంజను పెద్దగా మార్చి ఉండకూడదు. నెంబరులో రాష్ట్రపు అక్షరాల తరువాత ‘వీఏ’ అని వస్తుంది. కొత్తగా రిజిస్టరు చేయించడానికి 20,000 రూపాయలు. అయితే ఈ నెంబరుతో దినమూ బజారుకు తిరగరాదు. ప్రదర్శనలకూ, పాతకార్ల ర్యాలీలకూ, పెట్రోలుకూ, మరమ్మతుకూ మాత్రమే రోడ్డెక్కవచ్చును.

ఈ సంగతి చెప్పగానే మనుమడు కొంచెం దిగాలుపడినాడు. “మరి పెండ్లికి ఎట్లా సార్? ఈ అవతారంతోనే పోతే నవ్వరా?” అన్నాడు. అతని మాటలోనూ న్యాయం ఉన్నది. చెల్లెలి పెళ్ళి. పదిమందీ చూస్తారు. పైగా పాతదనం పేరుతో ప్రాణం మీదికి తెచ్చుకోరాదు. టైర్లు రాయిలా గట్టిపడినవి. బ్రేకు గొట్టాలు పగిలినవి. నూలు అల్లిక అందమే గాని, లోపలి రబ్బరు పొడి రాలుతున్న వైరు నిప్పు పుట్టిస్తుంది.

చివరకు కొట్టం గడపమీద కూర్చొని ఒక ఒప్పందానికి వచ్చినారు. బ్రేకులూ, టైర్లూ, పెట్రోలు గొట్టాలూ, పాడైన వైర్లూ కొత్తవి వేయాలి. తీసిన ప్రతి పాత వస్తువునూ పేరు రాసి గోనెసంచిలో దాచాలి. తుప్పు పట్టిన చోట నూనె రాసి ఆపాలి. ఒంటికి నీళ్ళూ, మెత్తని గుడ్డా, మైనమూ తప్ప మరేమీ తగలరాదు. సీట్లమీద పెళ్ళినాడు ఎమ్మిగనూరు దుప్పటి పరచాలి. ఆ కారును గుడిలోపలి ఆవరణలో విడిదినుంచి మంటపందాకా నెమ్మదిగా తోసుకుపోవాలి. రోడ్డుమీదికి తీసుకొనిపోయేది కాగితాలు సరిచేయించిన తరువాతే. పెళ్ళికూతురు లోపలినుంచి వచ్చి, అన్నీ విని, “పూలు మాత్రం నా ఇష్టప్రకారం కట్టాల తాతా, టేపు అంటించకుండా దారంతోనే కట్టిస్తాలే” అన్నది. అంటించిన టేపు పీకితే రంగు లేస్తుందని ఆమెకు ఎవరూ చెప్పలేదు.

పాఠకుల ఇండ్లలో కూడా తాతలనాటి కారో, స్కూటరో మూల నిలబడి ఉండవచ్చును. పాతసామాను వాడికి గాని, రంగుపనివాడికి గాని కబురు పెట్టేముందు ఒక పూట దాని దగ్గర కూర్చోండి. రిజిస్ట్రేషను పుస్తకం తీసి నెంబర్లు సరిచూడండి. సీటు ఎత్తండి, రబ్బరు కింద రంగు చూడండి, కనిపించిన ప్రతి గుర్తునూ ఫోటో తీయండి. ఊడిన మరనైనా సరే పారవేయకండి.

రంగుపనివాడికి ఇచ్చిన బయానా వృథా పోలేదు. పెళ్ళికి ఇల్లంతా సున్నం వేసి, తలుపులకు రంగు వేసే పని అతనికి అప్పగించినారు.