కేత్తి స్టేషన్లో మా మావయ్య

మా చింతూరికి రైలు లేదు. శబరి ఉంది, అడవి ఉంది, ఒళ్ళు తిప్పే ఘాట్ రోడ్డుంది. "పుష్ప" షూటింగు జరిగిన మారేడుమిల్లి మా దారిలోనే అని చెప్పుకునే గొప్ప కూడా ఉంది. రైలు మాత్రం లేదు. ఎక్కాలంటే రాజమండ్రి పోవాలి, లేకపోతే భద్రాచలం రోడ్డు పోవాలి. ఆ భద్రాచలం రోడ్డు స్టేషనేమో భద్రాచలంలో ఉండదు, గోదావరి దాటి కొత్తగూడెంలో ఉంటుంది! పేరు నమ్మి భద్రాచలంలో సామాను దింపుకున్న ఒక పెళ్ళివారిని నేనెరుగుదును.

అందుకని నేను రైలుని మొట్టమొదట పట్టాల మీద చూడలేదు. తెర మీద చూశాను.

1984 వేసవి. నాకు పన్నెండేళ్ళు. టూరింగు టాకీసు గుడారంలో "వసంత కోకిల" వేశారు. బాలు మహేంద్ర 1982లో తమిళంలో తీసిన "మూండ్రాం పిరై"కి తెలుగు రూపం అది. ఊళ్ళన్నీ తిరిగి తిరిగి, గీతలు పడి, వానలో తీశారా అన్నట్టున్న ప్రింటు మా దాకా వచ్చింది. నేల టిక్కెట్టు, ఇసకలో తువ్వాలు పరుచుకుని కూర్చున్నాం. నా పక్కన మా మేనమామ.

కథ మీకందరికీ తెలిసిందే. గతం మరచిపోయి పసిపిల్లయిపోయిన శ్రీదేవిని కమల్ హాసన్ కంటికి రెప్పలా చూసుకుంటాడు. చివరికి ఆమెకి గతం గుర్తొస్తుంది, ఇతను గుర్తుండడు. రైల్లో కూర్చుని ఉంటే కిటికీ బయట ఇతను కోతిలా గంతులేస్తాడు, ఆటలు గుర్తుచేస్తాడు. ఆ పిల్లకి వీడెవడో పిచ్చివాడనిపిస్తుంది. బండి కదిలిపోతుంది. కమల్‌కి ఆ ఏడు ఉత్తమ నటుడిగా జాతీయ అవార్డు వచ్చిందంటే ఎందుకు రాదు మరి! గుడారమంతా ముక్కులు చీదుకుంటోంది. మా అమ్మయితే కొంగు నోట్లో కుక్కుకుంది.

అప్పుడు మా మావయ్య నా చెవిలో అన్నాడు: "మీటర్ గేజీరా అల్లుడూ. చిన్న బండి. ఆ కొండలో లాగడం మాటలు కాదు."

అందరూ అటు చూస్తుంటే ఆయనొక్కడూ ఇంజనుని చూస్తున్నాడు!

మావయ్య రైల్వేలో ఫైర్‌మన్. 1966లో ఇంజను క్లీనరుగా చేరాడు. అంటే బూడిద ఎత్తడం, మసి తుడవడం, చమురు గుడ్డలు పిండడం. తర్వాత చేతికి పార వచ్చింది. సెలవుకి ఊరొస్తే పిల్లలం చుట్టూ చేరేవాళ్ళం, పొగబండి కబుర్ల కోసం. ఎడమ మణికట్టు మీద అరచేతి వెడల్పు కాలిన మచ్చ ఉండేది. అదేమిటని అడిగితే "ఇల్లందు బొగ్గు ముద్దెట్టుకుంది" అనేవాడు.

ఇల్లందు అప్పట్లో మా ఖమ్మం జిల్లాలోదే. 1889లో సింగరేణి గ్రామం దగ్గర గనులు తవ్వడం మొదలుపెట్టింది అక్కడే. నైజాం రైలు పొయ్యిలోకి వెళ్ళింది ఆ బొగ్గే. రైలు లేని ఊరి పిల్లలం కదా, మన జిల్లా బొగ్గు తిని రైళ్ళు తిరుగుతున్నాయంటే మాకదో పొగరు.

ఫైర్‌మన్ పనంటే పొయ్యిలోకి బొగ్గు విసిరెయ్యడమేనని నేననుకునేవాణ్ణి. ఒకసారి ఆ మాటంటే మావయ్య నొచ్చుకున్నాడు. వెనక మూలల్లో, పక్కల్లో మందంగా, నడిమధ్య పల్చగా పరవాలిట. కొంచెం కొంచెంగా, అస్తమానూ వెయ్యాలిట. ఒక్కసారి గుమ్మరిస్తే నల్లటి పొగ వస్తుంది. నల్లపొగంటే కాలకుండా పోతున్న బొగ్గు, అంటే ఫైర్‌మన్‌కి చేతకాలేదని ఊరందరికీ చెప్పడం. (సినిమావాళ్ళకి మాత్రం నల్లపొగే కావాలి, తెరమీద అందంగా ఉంటుంది మరి!) గాజుగొట్టంలో నీటి మట్టం మీద కన్నుండాలి. బాయిలర్లో నీళ్ళు తగ్గి పొయ్యి నెత్తి బయటపడిందా, అక్కడున్న సీసపు బిరడా కరిగి ఆవిరి వచ్చి నిప్పుని ఆర్పేస్తుంది. అలా ఆరిపోతే పరువు పోయినట్టే. చల్లారిన ఇంజనుని మళ్ళీ లేపాలంటే పూటలు పడుతుంది. తొందరపడి మంట పెంచితే ఒక పక్క రేకు వేడెక్కి, ఇంకో పక్క వేడెక్కక, గొట్టాల మొదళ్ళు కారడం మొదలెడతాయి. "బాలింతకి పథ్యం పెట్టినట్టు పెట్టాల్రా," అనేవాడు.

ఆ విద్యంతా పదిహేనేళ్ళలో చెత్తబుట్టలోకి పోయింది. నిజానికి దాని జాతకం మావయ్య చేరిన నాలుగేళ్ళకే రాసేశారు. 1970 జూన్‌లో చిత్తరంజన్ కార్ఖానా చివరి బ్రాడ్‌గేజీ ఆవిరి ఇంజనుని బయటికి పంపింది. దానికి పెట్టిన పేరు "అంతిమ్ సితారా". ఆఖరి తార! సినిమావాళ్ళకి కూడా తట్టని పేరు. మావయ్య ఉన్న షెడ్డులోకి డీజిళ్ళొచ్చాయి. చదువు చాలదని ఆయన్ని డీజిల్ ట్రైనింగుకి పంపలేదు. స్టోర్లో కూర్చోబెట్టి బల్బులు, గుడ్డలు, నట్లు లెక్క రాయించారు. 1995 డిసెంబరులో పంజాబులో చివరి బ్రాడ్‌గేజీ ఆవిరి బండి నడిచిందని పేపర్లో చదివి వినిపిస్తే "ఊఁ" అన్నాడంతే. అప్పటినుంచీ ఇంట్లో ఇంజను ఊసెత్తలేదు. రిటైరయ్యాక ఏ పెద్ద ఆఫీసు ముందైనా దిమ్మె మీద రంగులేసి నిలబెట్టిన ఇంజను కనిపిస్తే తల తిప్పుకునేవాడు. నేను ఒకసారి అక్కడ ఫొటో దిగుదామన్నాను. "శవానికి పౌడరేసి పక్కన నుంచుని ఫొటో ఏంట్రా" అన్నాడు. ఇంకేమంటాం!

నాకైతే సినిమా పిచ్చి పోలేదు. సినిమాల వల్లే నాకు ఇంకో సంగతి తెలిసింది, ఈ ఇంజన్లు అన్నీ చావలేదని. హర్యానాలో రేవాడీ అని 1893 నాటి షెడ్డుంది. దాన్ని బాగుచేసి 2010లో ఆవిరి ఇంజన్ల మ్యూజియంగా తెరిచారు. దిమ్మె మీద కాదు, పట్టాల మీద, నిప్పుతో. అక్కడ "అక్బర్" అని ఒక ఇంజనుంది. 1965లో చిత్తరంజన్‌లో పుట్టింది, ముందు భాగం తుపాకి గుండులా కోసుగా ఉంటుంది. "గదర్"లో ఉంది, "భాగ్ మిల్ఖా భాగ్"లో ఉంది. పాత కాలం కథ తియ్యాలంటే బొంబాయివాళ్ళు దాని కాల్షీట్లు అడగాల్సిందే. హీరోకి డూపు దొరుకుతాడు గానీ అక్బర్‌కి దొరకడు. ఇప్పుడు గ్రాఫిక్స్ ఉన్నాయి కదా అంటారేమో. "ఆర్.ఆర్.ఆర్."లో వంతెన మీద బండి తగలబడే సీనుకి నేనూ ఈలేశాను. అయినా నిజం ఇంజను ఫ్రేములోకి వస్తే పక్కనున్న జూనియర్ ఆర్టిస్టు కూడా నటించడం మానేసి నిజంగా వెనక్కి జరుగుతాడు. ఆ జరగడం కంప్యూటరు నేర్పలేదు.

అంతకంటే పాతది ఫెయిరీ క్వీన్. 1855లో ఇంగ్లండులో చేసింది, 1997లో మళ్ళీ ఆవిరి ఎక్కించి ఢిల్లీ నుంచి ఆళ్వారుకి నడిపారు. మరుసటేడు గిన్నిస్ వాళ్ళు ప్రపంచంలో నడుస్తున్న ఇంజన్లన్నిట్లోకీ ఇదే పెద్దదని రాసుకున్నారు. అదే వయసున్న ఇంకో ఇంజనుని 2010లో మద్రాసు పెరంబూరు కార్ఖానా లేపింది. మన తెలుగు సినిమాకి నడక నేర్పిన మద్రాసే దీనికీ నడక నేర్పిందన్నమాట. మన వైపు అంత అదృష్టం పట్టలేదు. పర్లాకిమిడి రాజావారి చలవతో 1900లో నౌపడ నుంచి మొదలైన బుల్లి బండి శ్రీకాకుళం జనానికి ఇంటిమనిషిలా ఉండేది. 2004లో దాన్ని ఆపి పట్టాలు పీకారు, 2011లో పెద్ద బండొచ్చింది. అరకు లైనైతే పుట్టడమే డీజిల్ రోజుల్లో పుట్టింది. 2017లో దానికి అద్దాల పెట్టె వచ్చింది, చూడ్డానికి బాగుంటుంది, కాదనను.

ఇవన్నీ చెబితే మావయ్య ఒకే ప్రశ్న వేశాడు. "నిప్పేసేవాళ్ళెవర్రా?"

నేను జవాబు చెప్పలేకపోయాను. పగిలిన గొట్టం బదులు కొత్త గొట్టం వెయ్యొచ్చు, దొరకని భాగాన్ని పోత పోసి చెక్కొచ్చు. చేతి లెక్కని ఏ కార్ఖానాలో పోత పోస్తారు? నేర్పేవాళ్ళు ఒక్కొక్కరే వెళ్ళిపోతున్నారు. మా మావయ్యకే డెబ్భయ్యారు దాటాయి.

2023 ఫిబ్రవరిలో ఆయన్ని ఊటీ తీసుకెళ్ళాను. చలికి రానన్నాడు. "వసంత కోకిల బండి చూపిస్తా" అంటే మఫ్లరు వెతుక్కున్నాడు.

ఆ ఆఖరి సీను తీసింది ఊటీకి దిగువనున్న కేత్తి స్టేషన్లో. చిన్న స్టేషను, ఎదురుగా లోయ, లోయ నిండా తోటలు. మావయ్య బెంచీ మీద కాళ్ళు ముడుచుకు కూర్చున్నాడు. నేను సెల్లు తీసి సిద్ధంగా ఉన్నాను, ఆయన మొహం ఫొటో తియ్యాలని. దూరంగా హారను వినిపించింది. మావయ్య మొహం అక్కడే వాడిపోయింది. వచ్చింది డీజిలు! ఊటీకీ కూనూరుకీ మధ్య ఇప్పుడు లాగేది డీజిలే అని నేను ముందుగా కనుక్కోలేదు. ఇంత దూరం తీసుకొచ్చి ముసలాయనకి మళ్ళీ ఆ డీజిల్నే చూపించాను. నోట మాట రాలేదు నాకు. ఆయనే నా వీపు తట్టి "పోనీలేరా, పద ఎక్కుదాం" అన్నాడు.

కూనూరులో డీజిలు విడిపోయింది. మేం ప్లాట్‌ఫారం మీదికి దిగాం. వెనక ఎక్కడో ఉస్సుమని ఊపిరి విన్నాను. తిరిగి చూద్దును కదా, మావయ్య అప్పటికే అటు నడుస్తున్నాడు, మోకాళ్ళ నొప్పులన్నీ ఎక్కడ పోయాయో!

నీలిరంగు ఇంజను, పొట్టిగా, గట్టిగా. ఈ ఎక్స్ రకం ఇంజన్లు మొదట స్విట్జర్లాండులో చేసినవి. కూనూరు నుంచి కింద కల్లారు దాకా వాలు ఎంతంటే, పన్నెండడుగులు నడిస్తే ఒక అడుగు దిగిపోతాం. మామూలు చక్రాలు జారిపోతాయి. అందుకని రెండు పట్టాల మధ్య పళ్ళపట్టా వేసి, ఇంజను కింద పళ్ళచక్రం పెట్టారు. ఎక్కేటప్పుడు ఇంజను వెనకనుంచి నెడుతుంది, దిగేటప్పుడు ముందుండి బండిని ఆపుకుంటూ వస్తుంది. 1899 నుంచీ ఇదే పద్ధతి. పాత ఇంజన్లు అరిగిపోతే తిరుచ్చి పొన్మలై కార్ఖానాలో అదే నమూనాకి 2011 నుంచి 2014 లోపల కొత్తవి నాలుగు చేశారు. పాతదాన్ని బాగుచెయ్యడం ఒకెత్తు, ఈ కాలంలో ఆవిరి ఇంజనుని మొదటి బోల్టు నుంచీ కట్టడం ఒకెత్తు.

మావయ్య క్యాబు లోపలికి తొంగి చూసి, "బొగ్గేది?" అన్నాడు.

ఆ నాలుగూ చమురు పొయ్యివే. పార లేదు, కుళాయి తిప్పడమే. "కిరసనాయిలు స్టవ్వు" అన్నాడు నా వైపు చూసి. అయిపోయింది, ఇంక తల తిప్పుకుంటాడనుకున్నాను. తిప్పుకోలేదు. చెయ్యి చెవి దగ్గర పెట్టుకుని వింటున్నాడు. "ఇప్పుడు నీళ్ళు పెడతాడు చూడు," అన్నాడు. రెండు క్షణాల్లో ఇంజెక్టరు గుయ్యిమంది. "సేఫ్టీ లేస్తుంది, జరుగు." లేచింది. నేను అదిరిపడ్డాను, ఆయన నవ్వాడు. నలభై ఏళ్ళ కింద గుడారంలో నవ్విన నవ్వది.

పైనున్న కుర్రాడు ఇది గమనించినట్టున్నాడు. పాతికేళ్ళుంటాయేమో. "రైల్వేయా?" అన్నాడు తమిళ యాసలో.

"స్టీము," అన్నాడు మావయ్య.

ఇంకేం మాట్లాడలేదు. ఒకరి భాష ఒకరికి రాదు కూడా. మావయ్య చొక్కా చెయ్యి పైకి లాగి మణికట్టు మచ్చ చూపించాడు. ఆ కుర్రాడు వంగి చూసి, తన చెయ్యి చాపాడు. మోచేతి దగ్గర, ఇంకా ఎర్రదనం పోని మచ్చ. ఇద్దరూ తలూపుకున్నారు. ఆ తర్వాత అతను వేళ్ళతో, సైగలతో చెప్పింది నాకు కొంత అర్థమయింది: 2021లో బొగ్గుతో నడిచేది ఒకటి కొత్తగా చేశారు, దానికి పార పట్టాలి. మావయ్య నా భుజం పట్టుకుని "విన్నావురా? పార పట్టేవాళ్ళున్నార్ట" అన్నాడు. నేను చెప్పినప్పుడు నమ్మని మనిషి!

మేట్టుపాళయం దాకా కిటికీలోంచి తల లోపలికి పెట్టలేదు. ప్రతి సొరంగం ముందూ కూత ఎప్పుడేస్తాడో ముందే చెప్పి, నిజమయ్యేసరికి పక్కసీటు పిల్లలకి దేవుడైపోయాడు. దిగేసరికి ఆయన నెరిసిన కనుబొమల మీద మసి. తుడవబోతే వద్దన్నాడు.

ఆ రాత్రి లాడ్జీలో "వసంత కోకిల" ఆఖరి సీను సెల్లులో పెట్టమన్నాడు. కళ్ళజోడు పెట్టుకుని, దగ్గరగా పట్టుకుని, కదలకుండా చూశాడు. అయిపోయింది. మళ్ళీ పెట్టమన్నాడు. మధ్యలో ఆపి తెరమీద వేలు పెట్టాడు.

"ఒరేయ్ అల్లుడూ, ఈ అబ్బాయి కుంటుతున్నాడేంట్రా? దెబ్బెప్పుడు తగిలింది?"